రంగు మారింది సరే, సందు మారిందా?

ఏటా వేసవిలో, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలయ్యే రోజుల్లో, ఖరీదైన రోడ్ బైకుల కంపెనీలు కొత్త సరుకు బయటికి తీస్తాయి. రేసులో పేరున్న రైడరెవరో దాని మీద కనిపిస్తాడు. వెనకే ప్రకటన వస్తుంది: పాతదానికంటే ఇన్ని వాట్లు ఆదా, ఇన్ని గ్రాములు తేలిక. మన రూపాయల్లో పది లక్షలు దాటే సైకిళ్లివి. వాట్లూ గ్రాములూ పెద్దక్షరాల్లో ఉంటాయి. వివరాల పట్టికలో అడుగున ఎక్కడో మరో అంకె ఉంటుంది, ఆ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు దాకా పడుతుందో చెప్పే అంకె. దీన్నే టైర్ క్లియరెన్స్ అంటారు. కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదేనని నా ఉద్దేశం. గేర్లు తర్వాత మార్చుకోవచ్చు. చక్రాలు, సీటు, హ్యాండిలు కూడా అంతే. ఫోర్కు కాళ్ల మధ్య సందు మాత్రం పుట్టుకతో వచ్చినంతే.

ఇరవై ఏళ్ల కిందట ఈ అంకె గురించి ఎవరికీ పట్టింపు లేదు. అప్పుడు రేసు టైరంటే 23 మి.మీ. టైమ్ ట్రయల్‌కి ఇంకా సన్నవి వేసేవారు. వంద పీఎస్ఐ దాటించి, రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టేవారు. సన్నగా, గట్టిగా ఉంటేనే వేగమని నమ్మకం. ఆ నమ్మకానికి ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉండేది: నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరుని తిప్పి కొలిస్తే, గాలి పెంచినకొద్దీ నిరోధం తగ్గుతూ పోయేది. కాకపోతే రోడ్డు ఉక్కు డ్రమ్ము కాదు.

టైరు దగ్గర జరిగేదేమిటో చూద్దాం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే వెనక చక్రం మీద సుమారు 45 కిలోలు పడతాయి. టైర్లో 7 బార్, అంటే దాదాపు వంద పీఎస్ఐ, గాలి ఉందంటే, చదరపు సెంటీమీటరుకి దాదాపు 7 కిలోలు మోస్తుందన్నమాట. 45ని 7తో భాగిస్తే ఆరు చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే మొత్తం బరువుని నేలకి అందించేది తపాలా బిళ్లంత మేర. గాలి ఒత్తిడి ఒకటే అయితే, టైరు సన్నదైనా వెడల్పుదైనా ఈ విస్తీర్ణం మారదు, ఆకారం మారుతుంది. సన్న టైరుది పొడుగ్గా సాగిన ముద్ర, వెడల్పు టైరుది పొట్టిగా, అడ్డంగా పరుచుకున్న ముద్ర. ముద్ర పొడుగైనకొద్దీ టైరు గోడలు ఎక్కువ మేర నొక్కుకుని మళ్లీ లేవాలి. రబ్బరు నొక్కుకున్నప్పుడు తీసుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. కాబట్టి ఒకే ఒత్తిడి దగ్గర వెడల్పు టైరుకే నష్టం తక్కువ.

అయితే వెడల్పు టైరులో అంత గాలి ఎవరూ కొట్టరు, కొట్టకూడదు కూడా. టైరు గోడ మీది లాగుడు గాలి ఒత్తిడితో పాటు వెడల్పుని బట్టి కూడా పెరుగుతుంది. 23 మి.మీ. టైరులో 100 పీఎస్ఐ దగ్గర ఎంత బిగువు ఉంటుందో, 28లో 82 దగ్గరే, 32లో 72 దగ్గరే అంత బిగువు వచ్చేస్తుంది. గాలి తగ్గించాక డ్రమ్ము మీద రెండు టైర్ల మధ్య తేడా చాలావరకు చెరిగిపోతుంది.

అసలు లాభం తేలేది గరుకు రోడ్డు మీద. గట్టి టైరు ప్రతి చిన్న గులకరాయికీ సైకిల్ని మనిషితో సహా పైకెత్తుతుంది. ఆ ఎత్తడానికయ్యే శక్తి తొక్కేవాడి కాళ్లలోంచి వచ్చిందే. అది కండల్లో, కీళ్లలో అదురుగా తిరిగి చివరికి వేడైపోతుంది. మెత్తటి టైరైతే రాయిని తనలోకి తీసుకుని దాటేస్తుంది. అమెరికాలోని సియాటిల్ నుంచి 'బైసికిల్ క్వార్టర్లీ' నడిపే యాన్ హైనా, డ్రైవర్ల నిద్ర వదిలించడానికి హైవే అంచున చెక్కే గాళ్ల మీద సైకిళ్లు నడిపించి, ఈ అదురు నష్టం చిన్నది కాదని కొలిచి చూపించారు. సిల్కా కంపెనీకి చెందిన జాష్ పోర్ట్‌నర్ మరో మాట జతచేశారు: గాలి పెంచుతూ పోతే నిరోధం కొంత దాకా తగ్గుతుంది, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది. రోడ్డు ఎంత గరుకైతే ఆ హద్దు అంత ముందే వస్తుంది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. గంటకి 36 కి.మీ. వేగంతో పోయే, సైకిలుతో కలిపి 80 కిలోలున్న మన రైడరు మంచి టైర్ల మీద రోడ్డుకి చెల్లించేది సుమారు 30 వాట్లు. గాలిని చీల్చడానికి చెల్లించేది 180 వాట్ల దరిదాపు. టైరు వెడల్పయితే గాలికి అడ్డం పెరుగుతుంది, ఇక్కడ మిగిల్చింది అక్కడ పోవచ్చు. అందుకే టైరుతో పాటు రిమ్ములూ వెడల్పయ్యాయి. రిమ్ము టైరుకంటే కనీసం అయిదు శాతం వెడల్పుగా ఉంటే, టైరు మీదుగా వచ్చిన గాలి చెదరకుండా రిమ్ముని అంటుకుని సాగుతుందన్న సూత్రం కూడా పోర్ట్‌నర్‌దే.

మరి వెడల్పు టైరే మేలని తెలిశాక కూడా ఫ్రేముల్లో సందు ఇంత ఆలస్యంగా ఎందుకు పెరిగింది? అడ్డం పడింది బ్రేకు. రిమ్ముని పట్టే రేసు బ్రేకు చేతులు రెండూ టైరు మీదుగా వంగి కిందికి రావాలి. ఆ వంపు ఎంత ఉంటే టైరు అంతే. 2016లో వచ్చిన షిమానో డ్యూరా-ఏస్ బ్రేకుకి కూడా 28 మి.మీ.యే ఆఖరు. మన పాలవాళ్ల సైకిలుకి ఈ బాధ లేదు. దాని రాడ్ బ్రేకు రిమ్ముని లోపలివైపు నుంచి పైకి లాగి పట్టుకుంటుంది కాబట్టి, 40 మి.మీ. టైరూ దాని మీద మడ్‌గార్డూ హాయిగా ఇమిడిపోతాయి. రేసు సైకిలుకి ఆ స్వేచ్ఛ డిస్క్ బ్రేకుతో వచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ ముందు ప్రయోగంగా ఒప్పుకుని, 2016లో పారిస్-రూబే రేసులో ఒక రైడరు గాయపడ్డాక ఆపేసి, చివరికి 2018 జూలై నుంచి రోడ్ రేసులకి పూర్తిగా అనుమతించింది. బ్రేకు చక్రం ఇరుసు దగ్గరికి దిగిపోవడంతో టైరు పైన చోటు ఖాళీ అయింది.

పక్కల ఇరుకు అలాగే ఉంది. పెడళ్ల దగ్గర నుంచి వెనక ఇరుసుకి పోయే గొట్టాలని చైన్‌స్టేలంటారు. కుడివైపు గొట్టానికి లోపలి పక్క టైరు, బయటి పక్క పళ్ల చక్రం. టైరుకి మిల్లీమీటరు ఇవ్వాలంటే గొట్టాన్ని అక్కడ నొక్కి పలచన చెయ్యాలి, లేదా పొడిగించాలి. పలచన చేస్తే తొక్కినప్పుడు ఊగుతుంది, పొడిగిస్తే రేసువాళ్లు కోరుకునే చురుకుదనం కొంత తగ్గుతుంది. పైగా టైరు వెడల్పుతో ఎత్తు కూడా పెరుగుతుంది: 23 నుంచి 32కి మారితే ఇరుసు నేల నుంచి సుమారు 9 మి.మీ. లేస్తుంది. ఫోర్కు పొడవు, ఫ్రేము కోణాలు మళ్లీ లెక్కేసుకోవాల్సిందే.

ఈ లెక్క ఏటా ఎవరూ వెయ్యరు. కార్బన్ ఫ్రేము అచ్చులో పుడుతుంది. ఒక్కో సైజుకి ఒక్కో లోహపు అచ్చు, వాటికయ్యే ఖర్చు కొన్నేళ్ల అమ్మకాల మీద రాబట్టుకోవాలి. అందుకే మధ్య సంవత్సరాల్లో 'కొత్త మోడలు' పేరుతో వచ్చేవి చాలావరకు కొత్త రంగులు, కొత్త గేర్లే. స్పెషలైజ్డ్ కంపెనీ టార్మాక్ బైకు చూడండి: ఎస్ఎల్7 వచ్చింది 2020లో, ఎస్ఎల్8 2023లో. రెండింటికీ హద్దు 32 మి.మీ.యే. అంటే అచ్చు మారినా సందు పెరగాలని లేదు. ట్రెక్ కంపెనీ మడోన్ కథ వేరు. 2022 ఫ్రేముకి కంపెనీ 28 అని రాసింది, 2024లో తెచ్చిన ఎనిమిదో తరానికి 33 అంది. ఆ రెండేళ్ల మధ్యలో పాతదాన్ని తగ్గింపు ధరకి కొన్నవాళ్లకి మంచి బేరమే దొరికింది, ఒక్క టైర్ల విషయంలో తప్ప. సంవత్సరానికి బదులు తరం సంఖ్యతో ఫ్రేముని పిలిచే ట్రెక్ పద్ధతే నయం, కనీసం రంగు మార్పుని కొత్తదనంగా అమ్మదు.

పట్టికలో 32 అని ఉన్నంత మాత్రాన టైరు మీద 32 అని ఉన్నదల్లా పడుతుందనుకోకూడదు. టైరు అసలు వెడల్పు రిమ్ముని బట్టి మారుతుంది. రిమ్ము లోపలి వెడల్పు ఒక మి.మీ. పెరిగితే టైరు రమారమి 0.4 మి.మీ. ఉబ్బుతుంది. 19 మి.మీ. రిమ్ము మీద నికరంగా 28 ఉండే టైరుని ఇప్పటి 25 మి.మీ. రిమ్ము మీద ఎక్కించి వెర్నియర్ కాలిపర్ పెడితే 30 చూపిస్తుంది. గాలి నింపి ఒక రోజు వదిలేస్తే ఇంకాస్త సాగుతుంది కూడా. అందుకే దుకాణంలో నమ్మకమైన పరీక్ష అల్లెన్ కీ. చక్రం బిగించి, గాలి నింపి, 4 మి.మీ. కీని టైరుకీ చైన్‌స్టేకీ మధ్య అన్ని వైపులా తిప్పి చూడాలి. ఎక్కడా తగలకపోతే సరి. అమెరికా భద్రతా నిబంధన 1.6 మి.మీ. ఉంటే చాలంటుంది కానీ, ఒక స్పోకు తెగి చక్రం వంకర తిరిగితే ఆ కాస్త ఎడం ఏ మూలకీ చాలదు. వానాకాలంలో నల్లరేగడి దారిలో దిగితే అసలే చాలదు. టైరుకి అంటుకున్న ఇసుక చైన్‌స్టే లోపలి పక్కని ఆకురాయిలా అరగదీస్తుంది, రంగు పోయాక కార్బన్ పోగులే బయటపడతాయి.

రేసుల్లో ఈ మార్పు ఇప్పుడు ఎవరూ వాదించేది కాదు. పారిస్-రూబేలో రాళ్లు పరిచిన దారే 50 కి.మీ. దాటి ఉంటుంది. అక్కడ 30, 32 మి.మీ. టైర్లు మామూలైపోయిన రోజుల్లోనే, 2024లో, విజేత మాథ్యూ వాన్ డర్ పూల్ సగటున గంటకి 47.8 కి.మీ. తొక్కాడు. ఆ రేసు చరిత్రలో అప్పటిదాకా అంత వేగం లేదు. అదంతా టైర్ల పుణ్యమే అనలేం, కానీ వెడల్పు టైరు నెమ్మది అనే మాట మాత్రం ఇక చెల్లదు.

టైరు ఇలా పెరగడం ఎక్కడ ఆగుతుందంటే, నిబంధన ఒకటి ఉంది. యూసీఐ లెక్కలో టైరుతో కలిపి చక్రం వ్యాసం 70 సెం.మీ. మించకూడదు. టైరు కూర్చునే చోట రోడ్ రిమ్ము వ్యాసం 622 మి.మీ. మిగిలిన 78ని రెండు పక్కలకీ పంచితే 39 మి.మీ. ఈనాటి రేసు ఫ్రేములు 32, 34 దగ్గరున్నాయి కాబట్టి, కంపెనీలకి ఇంకా కొన్ని 'సరికొత్త మోడళ్ల'కి సరిపడా చోటు మిగిలే ఉంది.