డబ్బున్న నగరంలోనూ వంతెనలు ఎందుకు శిథిలమవుతున్నాయి?

దేశంలోకెల్లా సంపన్న నగరపాలక సంస్థ ముంబయిది. బ్యాంకుల్లో దాని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఒక దశలో 80 వేల కోట్ల రూపాయలు దాటాయి. అయినా 2018 జులై 3న అంధేరీలోని గోఖలే వంతెన కాలిబాట కూలి రైలు పట్టాలపై పడింది. తొమ్మిది నెలలు తిరక్కముందే, 2019 మార్చి 14న, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ పక్కనున్న హిమాలయ పాదచారుల వంతెన కూలి కనీసం ఆరుగురు చనిపోయారు. చిన్న మరమ్మతులు చేస్తే చాలని అంతకుముందు జరిగిన ఆడిట్‌లో తేల్చిన వంతెన అది.

నిధుల్లేక పాత వంతెనలు పాడవుతున్నాయన్న మాట చాలా నగరాల విషయంలో నిజమే. ముంబయి విషయంలో మాత్రం ఆ ఒక్క జవాబు సరిపోదు.

వంతెన ఎలా పాడవుతుంది?

వంతెన ఒక్కరోజులో కూలదు. ముందు నీరు పోయే గొట్టాలు పూడుకుపోతాయి. జాయింట్ల సందుల్లోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోని చువ్వలను చేరుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. దీనికి తోడు పైన కొత్తగా పరిచే తారు, పేవర్ బ్లాకులు, పక్కన వేలాడదీసే కేబుళ్లు బరువు పెంచుతాయి. గోఖలే వంతెనపై జరిగిన విచారణలోనూ తుప్పు, అదనపు బరువు అనే రెండు కారణాలూ బయటపడ్డాయి.

వీటిని మొదట్లోనే ఆపడం పెద్ద ఖర్చేమీ కాదు. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయడం, గొట్టాలు శుభ్రం చేయడం, జాయింట్లూ బేరింగులూ సమయానికి మార్చడం... ఇంతే.

రెండు పద్దులు, ఇద్దరు యజమానులు

కొత్త వంతెన మూలధన వ్యయం కిందికి వస్తుంది. దానికి రుణం దొరుకుతుంది, కేంద్ర, రాష్ట్ర పథకాల సాయం అందుతుంది, శిలాఫలకం కూడా ఉంటుంది. నిర్వహణ ఏటా పెట్టాల్సిన రెవెన్యూ వ్యయం. జీతాలు, చెత్త, వీధి దీపాలతో పోటీపడి అది ఆ పద్దులోంచే రావాలి. గొట్టం శుభ్రం చేసినందుకు ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. దేశంలోని మునిసిపాలిటీల మొత్తం ఆదాయం జీడీపీలో ఒక శాతానికి కూడా చేరదు. కోత పడాల్సి వస్తే ముందు పడేది నిర్వహణ మీదే.

డబ్బున్న ముంబయిని కుంగదీసింది రెండో సమస్య. పట్టాల మీదుగా వెళ్లే వంతెనలో పట్టాలపై భాగం రైల్వే చూసుకుంటుంది, ఇరువైపులా ఎక్కే దారి కార్పొరేషన్‌ది. మరమ్మతులకు కార్పొరేషన్ డబ్బు చెల్లిస్తే పని రైల్వే చేయాలి. 2018 ప్రమాదం తర్వాత బాధ్యత ఎవరిదన్న వాదన ఈ రెండింటి మధ్యే నడిచింది. ఆ తర్వాతే రైల్వే, కార్పొరేషన్, ఐఐటీ బాంబే కలిసి 445 వంతెనల ఆడిట్ చేపట్టాయి.

ఆలస్యం ఖరీదు

గోఖలే వంతెనను చివరికి 2022 నవంబరులో మూసేశారు. 2024 ఫిబ్రవరిలో ఒక వైపు తెరిచారు. తీరా చూస్తే కొత్త వంతెన ఎత్తుకూ, దానితో కలవాల్సిన బర్ఫీవాలా ఫ్లైఓవర్ ఎత్తుకూ పొంతన లేదు. పూర్తిగా తెరిచేసరికి 2025 మే వచ్చింది. 1868 నాటి కార్నాక్ వంతెనను కూల్చి మళ్లీ కట్టి తెరవడానికీ 2022 నవంబరు నుంచి 2025 జులై దాకా పట్టింది. రోజుకు సుమారు 70 లక్షల మంది ఎక్కే లోకల్ రైళ్లను ఆపితే తప్ప పట్టాల మీద పని సాగదు. అన్నేళ్లూ చుట్టుతిరిగి వెళ్లినవారి సమయం, ఇంధనం ఏ అంచనా పత్రంలోనూ కనిపించవు.

ఏం చేయాలి?

జాతీయ రహదారుల వంతెనల వివరాలు నమోదు చేసే వ్యవస్థను కేంద్రం 2016లోనే ప్రారంభించింది. ప్రతి నగరానికీ అలాంటి పట్టిక కావాలి: వంతెన వయసు, చివరి తనిఖీ తేదీ, బాధ్యుడైన ఒక్క అధికారి. కొత్త వంతెన మంజూరు చేసేటప్పుడే దాని జీవితకాల నిర్వహణకు వేరే ఖాతాలో నిధి కేటాయించాలి. ఆడిట్ నివేదికలు ప్రజల ముందు పెట్టాలి.

రైల్వేతో ఉమ్మడిగా కట్టిన వంతెనలు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో కూడా ఉన్నాయి. అవి ఎవరివన్న ప్రశ్నకు జవాబు కూలకముందే తేలాలి.