సంఘం కంప్యూటర్‌లో డిస్క్ మార్చునప్పుడు

పూటపూటా పాలు పోసి, చీటీ తీసుకుని ఇంటికి వెళ్ళే సభ్యునికి ఆ చీటీలోని అంకెలు ఎక్కడ నిలువ ఉంటాయన్న ఆలోచన సాధారణంగా రాదు. లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, రూపాయలు చీటీపై అచ్చు కావడమే గాక, సంఘం కంప్యూటర్ పెట్టెలోని హార్డ్ డిస్క్‌పై కూడా నమోదవుతాయి. బిల్లు తయారయ్యేది ఆ అంకెల నుండే. సంవత్సరాంతాన బోనస్ లెక్క కట్టేదీ వాటితోనే. కాబట్టి ఆ డిస్క్ పాతబడినప్పుడు దానిని మార్చి, లెక్కలను కొత్తదానిలోకి చేర్చడం కార్యదర్శి ఒక్కరి పని అని వదిలివేయక, సభ్యులు కూడా తెలిసికొనవలసిన విషయము.

హార్డ్ డిస్క్ లోపల అద్దం వలె నున్నని పళ్ళెములు ఉంటాయి. సాధారణంగా డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఇవి నిమిషానికి 7,200 చుట్లు, అనగా సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. వాటిని చదివే ముల్లు పళ్ళెమును తాకకుండా, తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ ఎత్తున తేలుతూ ఉంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే ముల్లు తన చోటికి చేరుకునే ఏర్పాటు లోపల ఉన్నది గాని, ఆ క్షణంలో వ్రాస్తున్న లెక్క సగంలో ఆగిపోతుంది. యు.పి.ఎస్. బ్యాటరీ చచ్చిపోయినా పట్టించుకోని సంఘాలలో ఇది తరచు జరిగే పని. ఇప్పుడు హార్డ్ డిస్క్‌కు బదులుగా ఎస్.ఎస్.డి. అనే దానిని పెడుతున్నారు. దానిలో తిరిగే భాగాలు లేవు, లెక్కలన్నీ చిప్పులపైనే ఉంటాయి. వేగం ఎక్కువ, కుదుపులకు ఓర్చుకుంటుంది. అయితే చెడిపోయే ముందు హార్డ్ డిస్క్ లాగా శబ్దం చేసి హెచ్చరించదు.

అసలు మన లెక్కలు ఎంత చోటు తింటాయో చూడండి. నూరుగురు సభ్యులున్న సంఘంలో రెండు పూటల చొప్పున ఏడాదికి 73,000 చీటీలు. చీటీకి నూరు అక్షరాలు అనుకుంటే 73 లక్షల అక్షరాలు. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ రామాక్ అనే యంత్రంతో పాటు తెచ్చిన మొట్టమొదటి డిస్క్ టన్నుకు పైగా బరువు తూగేది. దానిలో రెండడుగుల వెడల్పు గల పళ్ళెములు 50 ఉండేవి. అంత యంత్రము కూడా 50 లక్షల అక్షరాలే పట్టేది, అంటే మన సంఘం ఒక ఏడాది లెక్కకు చాలేది కాదు. ఈనాడు పదేళ్ళ లెక్క మొత్తం జేబులో పట్టే పెన్ డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతుంది. నకలు తీసి పెట్టుకొనకపోవడానికి చోటు లేదన్న సాకు ఎవరూ చెప్పలేరు.

అయినా నకలు తీయడంలోనే పొరపాటు జరుగుతుంది. మా సంఘంలో జరిగినదే చెబుతాను. కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టడం, బిల్లు తీసేటప్పుడు మధ్యలో నిలిచిపోవడం, పెట్టె లోపల నుండి టిక్కు టిక్కుమని శబ్దం రావడం మొదలైంది. పెట్టెను గోనెసంచిలో చుట్టి, ఉదయం పాల సేకరణ కాగానే బస్సులో నగరానికి తీసుకుపోయాము. నారాయణగూడ వై.ఎం.సి.ఏ. దగ్గర దిగి, హైదర్‌గూడలోని ఒక చిన్న మరమ్మతు దుకాణానికి నడిచి వెళ్ళాము. (నగరంలో హైదర్‌గూడలు రెండున్నవి. ఆటో ఎక్కేవారు ఎమ్మెల్యే క్వార్టర్లున్న హైదర్‌గూడ అని చెప్పకపోతే అత్తాపూర్ వైపు తేలే ప్రమాదమున్నది.)

దుకాణం కుర్రవాడు పెట్టె విప్పకముందే అడిగిన మాట: "లెక్కల నకలు ఉన్నదా సార్?" ఉన్నదని మా కార్యదర్శి గర్వంగా పెన్ డ్రైవ్ తీసి ఇచ్చారు. ఏడాదిగా ప్రతి బిల్లు తరువాత ఆయన దానిలోకి నకలు తీస్తూనే ఉన్నారు. కుర్రవాడు తెరిచి చూచి, అందులో ఉన్నది తెర మీద కనబడే బొమ్మ మాత్రమేనన్నాడు. "ఇది తలుపు మీద వ్రాసిన పేరు సార్, ఇల్లు కాదు." పాల సేకరణ ప్రోగ్రాము తెరవడానికి నొక్కే బొమ్మను మాత్రమే ఇన్నాళ్ళూ నకలు చేశాము. అసలు లెక్కల ఫైలు ప్రోగ్రాము తాలూకు ఫోల్డర్ లోపల, ఎవరూ తెరవని చోట ఉన్నది. ఆ పూట మా కార్యదర్శి ముఖం చూడలేకపోయాము. అదృష్టవశాత్తు డిస్క్ ఇంకా చదవగలిగే స్థితిలోనే ఉన్నది. కుర్రవాడు మరే పనీ చేయకుండా ముందుగా ఆ ఒక్క ఫోల్డర్‌ను బయటికి తీశాడు. చిన్నది కాబట్టి కొద్ది నిమిషాలలో అయిపోయింది. సన్నగిల్లుతున్న డిస్క్ విషయంలో ఇదే సరియైన వరుస: విలువైనది ముందు, మొత్తం తరువాత.

కాబట్టి సభ్యులు కార్యదర్శి గారిని అడగవలసిన మొదటి ప్రశ్న, నకలు ఉన్నదా అని కాదు. ఆ నకలును వేరొక కంప్యూటర్‌లో తెరిచి, ఫలానా తేదీ సాయంత్రం నా పాలు ఎన్ని లీటర్లో చూపించగలరా అని. చూపించగలిగితేనే అది నకలు.

ఇక మార్చే పని. డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్లు కొత్తదానిపైకి దింపడాన్ని క్లోనింగ్ అంటారు. దీనికి క్లోన్‌జిల్లా వంటి ఉచిత ప్రోగ్రాములున్నవి, కొన్ని డిస్క్ కంపెనీలు కూడా తమ సొంతవి ఇస్తాయి. క్లోనింగ్ చేస్తే విండోస్‌ను, పాల సేకరణ ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించే శ్రమ ఉండదు. పాల పరీక్ష యంత్రము, కాటా ఏ పోర్టుకు తగిలించి ఉన్నవో ఆ అమరిక కూడా చెక్కుచెదరదు. విండోస్‌ను కొత్తగా ఎక్కిస్తే ఈ పోర్టు నంబర్లు మారిపోయి, పాలు పోసినా వెన్న శాతం తెర మీదికి రాక కంగారు పడతారు. కొన్ని ప్రోగ్రాముల అనుమతి పాత డిస్క్ నంబరుకే కట్టుబడి ఉంటుంది. అది ఇచ్చిన వారిని ముందుగానే అడిగి ఉంచుకొనవలెను.

కొత్త డిస్క్ సామర్థ్యం పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవలెను. సామర్థ్యం తక్కువైన దానిపైకి దింపడానికి క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. సమయం కూడా లెక్క వేసుకొనవలెను. పాత రకం యు.ఎస్.బి. పోర్టు ద్వారా సెకనుకు సుమారు 30 మెగాబైట్లు పోతాయి. ఆ లెక్కన 200 గిగాబైట్లకు దాదాపు రెండు గంటలు. ఉదయం సేకరణ ముగిశాక మొదలుపెట్టి సాయంత్రం క్యాన్లు వచ్చేలోగా ముగించగలిగితే మంచిది. కుదరకపోతే ఆ పూటకు పాత పద్ధతిలో రిజిస్టరులో చేతితో వ్రాసుకుని, తరువాత ఎక్కించుకొనవచ్చును.

పెట్టె విప్పే ముందు కరెంటు తీగ ఊడదీయవలెను. పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంటిలోని స్థిర విద్యుత్తు పోతుంది. డిస్క్‌కు రెండు తీగలుంటాయి, సన్ననిది లెక్కలకు, వెడల్పైనది కరెంటుకు. రెండూ ఒకే దిక్కున ఎక్కుతాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ఇదంతా స్క్రూడ్రైవర్ పట్టిన ఎవరైనా చేయగలరు.

అసలు ప్రమాదం వేరే చోట ఉన్నది. క్లోనింగ్ ప్రోగ్రాము ఏ డిస్క్ నుండి, ఏ డిస్క్ పైకి అని అడుగుతుంది. తారుమారు చేసి చెప్పినచో ఖాళీ డిస్క్‌ను తెచ్చి నిండు డిస్క్‌పై పరుస్తుంది, ఉన్న లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండు డిస్క్‌లూ ఒకే సామర్థ్యం అయితే పేరు చూచి పోల్చుకోవడం కష్టం. వాటిపై అచ్చువేసిన సీరియల్ నంబర్లను ముందే కాగితంపై వ్రాసుకుని, తెర మీద కనిపించే నంబరుతో ఇద్దరు మనుషులు సరిచూచిన తరువాతనే ముందుకు సాగవలెను. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. నగదు లెక్కించేటప్పుడు మనం చేసే పనే ఇది.

టిక్కు టిక్కుమనే డిస్క్ తెరుచుకోవడమే మానివేసిన పక్షంలో ఈ పనులేవీ చేయరాదు. మళ్ళీ మళ్ళీ కరెంటు ఇచ్చి ప్రయత్నించిన కొద్దీ ముల్లు పళ్ళెమును గీస్తుంది. వెంటనే ఆపివేసి, డేటా వెలికితీసే నిపుణులకు చూపించవలెను. దానికి అయ్యే ఖర్చు కొత్త డిస్క్ ధరకు ఎన్నో రెట్లు. అందుచేత డిస్క్ బాగున్నప్పుడే మార్చడం చవక. ఈ మాట పాలకవర్గం సమావేశంలో ఒప్పించడం మాత్రం అంత సులభం కాదు, పనిచేస్తున్న వస్తువును ఎందుకు మార్చాలని అడిగేవారు ఉండనే ఉంటారు.

క్లోనింగ్ అయిన తరువాత పాత డిస్క్ తీగలు తీసివేసి, కొత్తదానితోనే కంప్యూటర్ తెరిచి చూడవలెను. క్రితం బిల్లును మళ్ళీ తీసి, అచ్చువేసి ఉన్న పాత ప్రతితో మొత్తం లీటర్లు, మొత్తం రూపాయలు పోల్చవలెను. ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ పాస్ పుస్తకాలు తెచ్చి తమ ఖాతాలు సరిచూచుకుంటే మరీ మంచిది. హైదర్‌గూడ నుండి తిరిగి వచ్చిన మర్నాడు మా సంఘంలో అట్లాగే చేశాము. ఒక పూట నమోదు కాలేదని తేలింది, అది కరెంటు పోయిన పూట. ఆ సభ్యుడు చీటీ దాచిపెట్టుకున్నాడు గనుక ఆయన పాల డబ్బు ఆయనకు దక్కింది.

పాత డిస్క్‌ను ఆ రోజే తుడిచివేయరాదు. కనీసం రెండు బిల్లులు సక్రమంగా వచ్చేవరకు దానిని ముట్టుకొనక, తేదీ వ్రాసి, కవరులో పెట్టి, అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలతో బీరువాలో ఉంచవలెను. పాత సామానువాడికి అమ్మడం ఎన్నటికీ తగదు. దానిలో సభ్యుల బ్యాంకు ఖాతాల నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి. ఫైళ్ళను చెరిపివేసినట్లు తెర మీద కనిపించినా, అవి తిరిగి తీయగలిగినవే. దాని అవసరం పూర్తిగా తీరిన తరువాత లోపలి పళ్ళెములకు మరతో రంధ్రాలు చేయించి, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో వ్రాయించవలెను.