గిల్టు కమ్మలు - చెవిదురద

పేరంటమునకు గిల్టు కమ్మలు పెట్టుకొని వచ్చిన మఱునాడో, మూడవనాడో చెవితమ్మెలు ఎఱ్ఱబడి, దురదపెట్టి, సన్నని పొక్కులు లేచి రసి కాఱుట మనలో ననేకులకు అనుభవమే. "నాకు బంగారము తప్ప వేఱేమియు పడదమ్మా" అని యొకరన్నచో తక్కినవారు అది గొప్పకు చెప్పుమాట యని నవ్వుదురు. ఆమె చెప్పినది తఱచుగా నిజమే. ఆమెకు పడనిది నికెలను లోహము.

1751లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెట్ కనుగొన్న యీ లోహము వెండివలె మెఱయును, సులభముగా త్రుప్పుపట్టదు. చౌకనగలు చేయువారు ఇత్తడిపై నికెలు పూతవేసి, దానిమీద పలుచగా బంగారుపూత వేయుట కలదు. పైపూత నిలిచినంతకాలమే అది బంగారము. అరిగినపిదప చర్మమునకు తగులునది నికెలే. రవికె హుక్కులలో, పిన్నీసులలో, గడియారపు పట్టాలలో, కొన్నిరకముల తెల్లబంగారములో సయితము ఇది యుండవచ్చును.

చెమటలోని ఉప్పు ఈ లోహమును కొంచెము కొంచెముగా కరగించును. ఆ సూక్ష్మాంశములు చర్మములోనికి దిగి అచటి మాంసకృత్తులతో కలియును. దేహమును కాపాడు తెల్లకణములు వానిని శత్రువులని పొరబడును. మొదట బయట కేమియు కనబడదు. లోపలి కణములు మాత్రము ఆ శత్రువును గుర్తుంచుకొనును. తరువాత నికెలు తగిలినపుడెల్ల ఒకటి రెండు దినములలో అవి దండెత్తివచ్చును. మనము చూచు వాపు, పొక్కులు ఆ పోరాటమువలన కలుగునవే. ఇట్లు ఆలస్యముగా బయటపడుటచేతనే మొన్నటి కమ్మను మఱచి, నిన్నటి వంకాయకూరను నిందింతుము! ఈ పడనితనము ఒకసారి యేర్పడినచో సాధారణముగా జీవితాంతము నిలుచును. ఇది అంటువ్యాధి కాదు.

పురుషులలోకంటె స్త్రీలలో ఇది యెక్కువగా కనబడుటకు చెవులు కుట్టించుకొనుట ముఖ్యకారణము. క్రొత్తరంధ్రములో చర్మపుతెఱ యుండదు గనుక నికెలు నేరుగా లోనికి పోవును. కావున పసిపిల్లలకు చెవులు కుట్టించునపుడు గిల్టు రింగులు పెట్టవలదు. 22 కారట్ల బంగారుతీగ చిన్నదైనను మేలు.

మఱియొక సంగతి నన్ను మిక్కిలి బాధించును. చౌకరకపు నల్లపూసల గొలుసువలన మెడ నల్లబడి, తోలు మందమై, రాత్రులు నిద్ర పట్టకున్నను, దానిని తీయరాదను సంకోచముచే ఏండ్లతరబడి సహించు ఇల్లాండ్రు కలరు. గొలుసు తీసి పసుపుత్రాడు కట్టుకొన్నచో ఏ యాచారమునకు భంగము? అత్తగారలే ముందుగా ఈమాట చెప్పిన కోడండ్రకు ధైర్యము కలుగును.

సందేహమున్నచో చర్మవైద్యుడు పరీక్షించి తేల్చగలడు. నికెలు లవణము కలిపిన లేపనమును వీపుపై అతికించి, 48 గంటలకు తీసి చూచి, మఱల రెండుదినములకు చూతురు. 1895లో యాడసోనను జర్మను వైద్యుడు చూపిన పద్ధతి యిదియే. డెన్మార్కు 1990లోనే నగలనుండి వెలువడు నికెలునకు చట్టముచే హద్దు పెట్టినది. 1994లో ఐరోపా సమాఖ్య కూడ అట్టి శాసనమే చేసినది. చర్మమునకు చిరకాలము తగులు వస్తువునుండి వారమునకు చదరపు సెంటీమీటరుకు అరమైక్రోగ్రాము మించరాదని ఆ హద్దు. తరువాత డెన్మార్కు పడుచులలో ఈ వ్యాధి తగ్గినది.

వ్యాధికి మొదటి మందు ఆ వస్తువును తీసివేయుటయే. పొక్కులు మానుటకు వైద్యుడిచ్చిన లేపనము ఆయన చెప్పినన్ని దినములే రాయవలెను. పొరుగింటివారికి పనిచేసినదని అంగడిలో కొని మాసములకొలది రాసిన స్టీరాయిడు లేపనముచే చర్మము పలుచబడి చెడును. స్టీలు గిన్నెలు చూచి భయపడ నక్కఱలేదు. వానిలోని నికెలు గట్టిగా బంధింపబడి యుండును గనుక వానిని ముట్టినంతమాత్రమున సాధారణముగా దురద రాదు. రవికె హుక్కు ఒరయుచోట లోపల రెండుమడతల నూలుగుడ్డ కుట్టుకొని, చెమటకు తడిసినపుడెల్ల రవికె మార్చుకొన్నచో చాలవఱకు ఉపశమించును.