‘ఒక’ అంటే ‘ఎ’... ‘ఆ’ అంటే ‘ద’!

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక అవ్వ. ఆ అవ్వకు ఒక మనవడు... ఏ కథయినా ఇలాగే మొదలవుతుంది. ‘అనగనగా ఆ ఊరు’ అంటే, ‘ఏ ఊరు?’ అని పసివాడైనా అడ్డుపడతాడు. ఇంగ్లిషులో మనల్ని ముప్పుతిప్పలు పెట్టే ఆర్టికల్స్ కిటుకు కూడా ఇదే. కొత్తగా పరిచయం చేస్తున్నప్పుడు ‘ఎ’ లేదా ‘యాన్’. దేని గురించో వినేవాళ్లకు తెలిశాక ‘ద’.

ఈ పోలిక ఊరికే కుదరలేదు. పాత ఇంగ్లిషులో ‘యాన్’కు మూలమైన పదానికి అర్థం ‘ఒకటి’. ‘ద’ పుట్టింది ‘ఆ’ అనే అర్థమున్న మాట నుంచే. తెలుగు, హిందీ, రష్యన్, జపనీస్ భాషల్లో ఆర్టికల్స్ లేవు. కాబట్టి తడబాటు మన ఒక్కరిదే కాదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు.

తెలుగులో రాసి చూడండి

‘ఎ’ వాడాలా, ‘యాన్’ వాడాలా? చూడాల్సింది స్పెల్లింగు కాదు, శబ్దం. అందుకు తెలుగు లిపే మంచి సాధనం. మాటను తెలుగులో రాయండి. మొదట అచ్చు వస్తే ‘యాన్’, హల్లు వస్తే ‘ఎ’. యాన్ అవర్, యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎల్ఐసీ ఏజెంట్. ఎ యూనివర్సిటీ, ఎ వన్ రూపీ కాయిన్. ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనీ, ఎమ్మెల్యేని ‘యమ్మెల్యే’ అనీ పలికితే మాత్రం లెక్క తప్పుతుంది!

అలవాటు అడ్డొచ్చే చోటు

‘ఆయన డాక్టరు’ అంటాం. ‘ఆయన ఒక డాక్టరు’ అనక్కర్లేదు. అందుకే ‘హీ ఈజ్ డాక్టర్’ అనేస్తాం. ఇంగ్లిషులో ‘హీ ఈజ్ ఎ డాక్టర్’ అనాల్సిందే. ఇంటర్వ్యూలో ఎక్కువగా దొర్లే పొరపాటిది. అలాగే లెక్కపెట్టలేని అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ లాంటి మాటల ముందు ‘ఎ’, ‘యాన్’ రావు. ఊరి పేరుకు సాధారణంగా ‘ద’ అక్కర్లేదు, నది పేరుకు కావాలి. హైదరాబాద్... ద గోదావరి.

అర్థమే మారిపోతుంది

‘ఐ హ్యావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్’ అంటే కొందరు స్నేహితులున్నారని. ‘ఎ’ తీసేస్తే... దాదాపు లేరని! పాప చదువుకోవడానికి వెళ్తే ‘టు స్కూల్’. ఫీజు కట్టడానికి నాన్న వెళ్తే ‘టు ద స్కూల్’.

ఈ చిన్నమాట చంద్రుడి మీదా చర్చ రేపింది. 1969 జులైలో అక్కడ కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఇది ‘ఒక మనిషికి’ చిన్న అడుగు అనాలనుకున్నారు. భూమ్మీద చాలామందికి ఆ ‘ఎ’ వినిపించలేదు. అది లేకపోతే ‘మ్యాన్’ అంటే మానవజాతి అనే అర్థం వస్తుంది. ఆయన ‘ఎ’ అన్నారా లేదా అన్న వాదన ఆ తర్వాత దశాబ్దాలపాటు సాగింది.

రోజుకో పేరా

సూత్రాలు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుందేమో గానీ మాట తిరగదు. ఇంగ్లిషు పేపర్లోని ఒక పేరాను ఆర్టికల్స్ వదిలేసి నోట్‌బుక్‌లో రాయండి. మర్నాడు పిల్లలూ మీరూ కలిసి ఖాళీలు నింపండి. అసలు పేరాతో సరిచూసుకోండి. ఎక్కడ తప్పిందో కాదు, ఎందుకు తప్పిందో మాట్లాడుకోండి. పది నిమిషాల పని!