యాట్ కెప్టెన్ కావాలంటే

మీ అమ్మాయి "యాట్ కెప్టెన్‌నవుతా" నంటే కంగారు పడకండి. విహారనౌక నడపటమూ ఉద్యోగమే. దానికి బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి 'యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్' సర్టిఫికెట్‌కు మంచి పేరుంది.

వంటల పుస్తకం చదివితే చెయ్యి తిరగదు కదా! ఇదీ అంతే. పరీక్షకు 17 ఏళ్లు నిండాలి. సముద్రం మీద 50 రోజులు గడిపి, 2,500 మైళ్లు తిరిగి ఉండాలి. అందులో 5 రోజులైనా పడవ బాధ్యత తనదే కావాలి. 60 మైళ్లు దాటిన ప్రయాణాలు ఐదుండాలి; వాటిలో రెండు రాత్రిపూట కూడా సాగినవి కావాలి. రేడియో వాడకం, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లూ ఉండాలి.

అప్పుడు పరీక్షాధికారి పడవెక్కుతాడు. అభ్యర్థి ఒక్కరే అయితే 8 నుంచి 12 గంటలు పరీక్షిస్తాడు. నీళ్లలో పడ్డ మనిషిని పైకి తెచ్చే తీరూ చూస్తాడు. జీతానికి చేరాలంటే వైద్యపరీక్ష, సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణ అదనం. మరి నడిసముద్రంలో అందరి ప్రాణాలూ ఆమె చేతిలోనే కదా!

2017-18లో మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు 'తారిణి'లో ప్రపంచం చుట్టివచ్చారు. వారిలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. వారిది నౌకాదళపు శిక్షణ. దారి వేరైనా సముద్రం ఒకటే. అందుకని "వద్దు" అనేముందు, "ఎన్నాళ్లు నేర్చుకుంటావమ్మా?" అని అడగండి.