గేమ్ డిస్కుకి ఎంతివ్వాలి?

పిల్లాడి పుట్టినరోజు దగ్గరపడిందంటే ఇంట్లో ఒకటే గోల... ‘అమ్మా, ఆ కొత్త గేమ్ కొనవూ!’ తీరా బజారుకెళ్తే అదే డిస్కు ఒక షాపులో ఒక రేటు, పక్క షాపులో ఇంకో రేటు. దేన్ని నమ్మాలి?

అట్ట మీది ఎమ్మార్పీని. బ్రిటన్‌లో అయితే కంపెనీ చెప్పే ధర ఉత్త సలహానే, దుకాణదారు ఎక్కువకైనా అమ్ముకోవచ్చు. మన దగ్గర అలా కుదరదు. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర. ‘జీఎస్టీ ఎక్స్‌ట్రా మేడమ్’ అంటే ఒప్పుకోనక్కర్లేదు. తగ్గించి అమ్మడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కాబట్టి బేరమాడండి, చీరల దగ్గర ఆడమూ!

విదేశీ డిస్కయితే దిగుమతిదారు పేరు, చిరునామా, ధర ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. ఇక్కడే ఉంది కిటుకు. 2011 నాటి నిబంధనల ప్రకారం ధర తగ్గిస్తే కొత్త స్టిక్కర్ అంటించొచ్చు, కానీ పాత ధరని కప్పెయ్యకూడదు. పెంచడానికైతే అసలు అంటించనేకూడదు. స్టిక్కర్ మీద స్టిక్కర్ కనిపిస్తే కాస్త గోటితో గీకి చూడండి.

ఎక్కువ పుచ్చుకున్నారా? బిల్లు దాచి, 1915కి ఫోన్ చేయండి. తూనికలు, కొలతల శాఖకీ ఫిర్యాదు చేయొచ్చు.

నేరుగా డౌన్‌లోడ్ చేసుకునే గేముకి అట్టపెట్టే ఉండదు, ఇక స్టిక్కరెక్కడిది? కార్డు నంబరు కొట్టేముందే పన్నులతో కలిపి ఎంతవుతుందో చూసుకోండి.