రాజధాని పటము – రైతు గట్టు

బందరు, గుడివాడ, దివిసీమల కాలువలకు తల బెజవాడ వద్ద నున్నది. దాని కెగువనే, కృష్ణ కుడిగట్టున, ఆంధ్రప్రదేశ రాజధానికి స్థలము నిర్ణయింపబడినది. తలయందు నీరు నిండినంత చాలదు, శివారు చేనికి వంతు అందవలెనని డెల్టా రైతునకు వేరుగ జెప్ప నక్కరలేదు. రాజధాని విషయమునను మేము కోరునది యింతియే.

మన రాజధాని చరిత్ర డేరాలతో నారంభమైనది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికను బట్టి 1953 అక్టోబరు 1న కర్నూలు ముఖ్యపట్టణము కాగా, కార్యాలయములు కొన్ని డేరాలలో నడచినవి. 1956లో హైదరాబాదు చేరితిమి. 2014 విభజనతో మరల నిలువనీడ వెదకుకొనవలసి వచ్చెను.

అమరావతికై 217 చదరపు కిలోమీటర్ల ప్రదేశము నేర్పరచిరి. రైతులు 33,000 ఎకరములకు మించి సమీకరణమున కిచ్చిరి. ఎకరము మెట్టకు 1,000 గజముల నివాసస్థలమును, 250 గజముల వాణిజ్యస్థలమును. జరీబునకు 1,000, 450 గజములును. పదేండ్లు కౌలును – ఇదియే ఒప్పందము. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను.

అటుపై పటములు మారసాగెను. నగర ప్రణాళికను సింగపూరువారు వ్రాసిరి. శాసనసభ, హైకోర్టు, సచివాలయము లుండు పరిపాలనా ప్రాంతమునకు 2016 మార్చిలో జపాను శిల్పి మాకి చిత్రము ఎన్నికయయ్యెను. ఆ యేటి చివరనే ఆయనను దొలగించి లండను ఫాస్టరు సంస్థకు పని యిచ్చిరి. 2017 మార్చిలో శాసనసభ వెలగపూడి తాత్కాలిక భవనమున సమావేశమయ్యెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చెను. 2020 నాటి శాసనములు 2021 నవంబరులో ఉపసంహరింపబడెను. 2022 మార్చి 3న హైకోర్టు ఒప్పందమును పాటింపుమనెను. ఆ తీర్పులోని గడువులను నవంబరులో సుప్రీంకోర్టు నిలిపెను. 2025 మే 2న పనులు పునఃప్రారంభమయ్యెను.

చండీగఢులోను చిత్రకారులు మారిరి. అమెరికా మేయరు తరువాత 1951లో కార్బూజియే వచ్చెను. కాని ఊరు చోటు మారలేదు, పని సాగెను.

కాగితముపై గీతను చెరపి మరల గీయవచ్చును. చదును చేసిన పొలముగట్టు పూర్వపు హద్దునకు రాదు. కావున సచివాలయ శిఖరములకు ముందు, రోడ్డును మురుగుకాలువయు నమరిన స్థలము రైతు చేతికి రావలెను. భూమిలేని కూలి కుటుంబములకు మాట యిచ్చిన పింఛను తప్పరాదు. ఏ పక్షము గద్దె నెక్కినను ఈ బాకీ ప్రభుత్వపు బాకీయే. అది తీరినగాని, రేపు రేవునకో రహదారికో భూమి యడిగినప్పుడు మన ప్రాంతపు రైతు ప్రభుత్వము మాటను నమ్మడు.